ఆరంభశూరత్వంలో లోపం ఎక్కడుంది? నిగ్రహం, నిలకడ, మనోస్థైర్యం ఎలా ఏర్పడతాయి

క్లుప్తంగా

ఆత్మనిగ్రహం మనిషి లోపల నిల్వ ఉండే బలమనీ, కొందరికి అది ఎక్కువ, కొందరికి తక్కువ అనీ చాలాకాలంగా నమ్మకం. గత పదిహేనేళ్ల పరిశోధనలు ఆ నమ్మకాన్ని బాగా సడలించాయి. నిలకడగా పనిచేసేవారిలో ఎక్కువమంది కోరికతో రోజూ కుస్తీ పట్టరు. ఆ కుస్తీ అవసరమే పడకుండా చోటును, వేళను, సావాసాన్ని అమర్చుకుంటారు. పనిని వాయిదా వేయడంలో బద్ధకం కన్నా భయం పాలు ఎక్కువ. దెబ్బ తిన్నాక కోలుకునే శక్తి కూడా ఒంటరిగా పుట్టేది కాదు. విద్యార్థుల క్రమశిక్షణ గురించి రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగే చర్చకు ఈ విషయాలతో నేరుగా సంబంధం ఉంది.

మొదటి రోజు ఉత్సాహం

ఉగాది నుంచి తెల్లవారుజామునే లేవాలనుకుంటారు. నోటిఫికేషన్ వెలువడగానే కొత్త పుస్తకాలు కొని, గంటల వారీగా పట్టిక గీసి గోడకు అంటిస్తారు. మూడో వారానికి పట్టిక గోడ మీదే ఉంటుంది, మనిషి మాత్రం పాత దారిలో ఉంటాడు. ‘ఆంధ్రులు ఆరంభశూరులు’ అన్న నానుడి ఇలాంటి అనుభవాల నుంచే నిలిచిపోయింది.

ఆ నింద తెలుగువారికి మాత్రమే చెందదు. 2014లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో జిమ్ హాజరును, ఇంటర్నెట్‌లో ఆహార నియమాల కోసం జరిగే వెతుకులాటను లెక్కగట్టారు. వారం, నెల, సంవత్సరం మొదలయ్యే రోజుల్లో రెండూ పెరిగాయి. కొత్త తేదీ పాత వైఫల్యాలను వెనక్కి నెట్టి, ‘ఇప్పటి నుంచి వేరే మనిషిని’ అనే ధీమా ఇస్తుందని వారి వివరణ. అంటే మొదలుపెట్టేటప్పటి ఉత్సాహం మనుషులందరికీ సహజం. కొందరిలో ఆ తర్వాత కూడా పని సాగుతుంది, కొందరిలో ఆగిపోతుంది. ఈ తేడాకు కారణం ఏమిటన్నదే అసలు ప్రశ్న. దశాబ్దాలుగా దీనికి చెప్పిన జవాబు ‘సంకల్పబలం’. ఆ జవాబుకు ఆధారంగా చూపిన ప్రయోగాలనే తిరిగి పరిశీలిస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

మిఠాయి ముందు పిల్లలు

1960ల చివర, 1970ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశుపాఠశాలలో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ నాలుగైదేళ్ల పిల్లలతో కొన్ని ప్రయోగాలు చేశారు. పిల్లల ముందు బిస్కెట్టో, మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయో పెట్టి, పెద్దవాళ్లు గది నుంచి వెళ్లిపోతారు. వారు తిరిగి వచ్చేదాకా ఆగితే ఎక్కువ దక్కుతుంది, ఆగలేకపోతే తక్కువతో సరి. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాత ప్రచురించిన ఫలితాలు ప్రపంచమంతా పాకాయి. ‘చిన్నప్పుడే నిగ్రహం ఉన్నవాడు పైకొస్తాడు’ అనే పాఠం ఉపన్యాసాల్లో, శిక్షణ తరగతుల్లో స్థిరపడిపోయింది.

ఆ ప్రయోగాల్లోనే ఉన్న మరో ఫలితం మాత్రం ప్రచారానికి నోచుకోలేదు. 1970లో ప్రచురించిన అధ్యయనంలో రెండు రకాల తినుబండారాలూ కళ్ల ముందు ఉన్నప్పుడు పిల్లలు సగటున ఒక్క నిమిషం ఆగారు. అవి కనిపించకుండా చేసినప్పుడు సుమారు 11 నిమిషాలు ఆగారు. మిఠాయి కనిపించడం, కనిపించకపోవడం తప్ప పిల్లల మధ్య వేరే తేడా ఏమీ లేదు. ఎక్కువసేపు ఆగగలిగిన పిల్లలు కూడా పళ్లు బిగబట్టి కూర్చోలేదు. కళ్లు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు, అటు తిరిగి కూర్చున్నారు.

2018లో మరో పరిశోధక బృందం 900 మందికి పైగా పిల్లల సమాచారంతో ఈ అంశాన్ని మళ్లీ పరిశీలించింది. స్టాన్‌ఫర్డ్ పిల్లల్లో చాలామంది విశ్వవిద్యాలయ ఆవరణలోని కుటుంబాల నుంచి వచ్చినవారు. కొత్త అధ్యయనంలో తల్లికి కాలేజీ చదువు లేని కుటుంబాల పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. చిన్ననాటి ఓపికకూ తర్వాతి చదువుకూ సంబంధం కనిపించింది గానీ, అది పాత అధ్యయనాలు చెప్పినదానిలో సగమే. ఇంటి నేపథ్యాన్ని, పిల్లల తొలినాటి గ్రహణశక్తిని లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది.

ఇంటి నేపథ్యం నిగ్రహాన్ని ఎలా మారుస్తుంది? 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక చిన్న ప్రయోగం దీనికి మంచి ఆధారం. మిఠాయి పరీక్షకు ముందు 28 మంది పిల్లలకు బొమ్మలు వేసుకోవడానికి మంచి సామగ్రి తెస్తామని పెద్దలు మాట ఇచ్చారు. సగం మందికి ఆ మాట నిలబెట్టుకున్నారు. మిగతా సగానికి ‘పొరపాటైంది, లేవు’ అని చెప్పి ఖాళీ చేతులతో వచ్చారు. ఆ వెంటనే మిఠాయి పరీక్ష పెడితే, మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవారు ఆగింది 3 నిమిషాలు.

రేపటి మీద నమ్మకం లేని చోట ఈ రోజు దొరికింది తినేయడం తెలివైన పనే. కూలి డబ్బు సమయానికి అందుతుందో లేదో తెలియని ఇంట్లో పెరిగే పిల్లకు ‘ఓపిక పట్టు, పెద్దది దొరుకుతుంది’ అనే మాట మిగతా పిల్లలకు వినిపించినట్లు వినిపించదు. నిగ్రహం లోపించిందని పైకి కనిపించే చాలా సందర్భాల్లో లోపించింది నమ్మకం. ఇచ్చిన మాటను పెద్దలు నిలబెట్టుకోవడం పిల్లల క్రమశిక్షణకు పునాది అని ఈ ప్రయోగం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు.

సంకల్పం బ్యాటరీ లాంటిదా?

సంకల్పబలం వాడేకొద్దీ తరిగిపోతుందనేది మరో ప్రసిద్ధ సిద్ధాంతం. 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఆకలిగా ఉన్న విద్యార్థుల ముందు అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్లు, ముల్లంగి ముక్కలు పెట్టింది. కొందరిని ముల్లంగి మాత్రమే తినమంది. తర్వాత అందరికీ పరిష్కారం లేని చిక్కుముడి ఇస్తే, బిస్కెట్లు తిన్నవారు సుమారు 19 నిమిషాలు పట్టు వదల్లేదు. ముల్లంగితో సరిపెట్టుకున్నవారు 8 నిమిషాలకే విరమించారు. కోరికను అణచుకోవడంలోనే వారి శక్తి ఖర్చైపోయిందని తేల్చారు.

2016లో 23 ప్రయోగశాలలు, రెండు వేల మందికి పైగా వ్యక్తులతో, ముందే ప్రకటించిన పద్ధతిలో ఈ సిద్ధాంతాన్ని పరీక్షించాయి. ప్రభావం దాదాపు సున్నా. 2021లో మరింత పెద్ద ప్రయత్నంలోనూ చెప్పుకోదగ్గ ప్రభావం తేలలేదు. అలసట అబద్ధమని దీని అర్థం కాదు. నిద్ర లేనివాడు చదవలేడు, పన్నెండు గంటలు పనిచేసినవాడికి చిరాకు వస్తుంది. అయితే కొద్ది నిమిషాల నిగ్రహానికే అడుగంటిపోయే కుండ ఒకటి మనసులో ఉందన్న మాట మాత్రం నిలబడలేదు.

ఈ వివాదంలో భారతీయులకు సంబంధించిన ఒక ముక్క ఉంది. శ్రమ మనసును అలసటకు గురిచేస్తుందని నమ్మేవారిలోనే ఆ అలసట ఎక్కువగా కనిపిస్తుందని 2010లో వెరోనికా యోబ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ చూపించారు. 2017లో కృష్ణ సవానీ, వెరోనికా యోబ్ భారతీయులతో ప్రయోగాలు చేసినప్పుడు ఫలితం తిరగబడింది. కష్టమైన మానసిక పని చేసినవారు ఆ తర్వాతి పనిలో, తేలిక పని చేసినవారి కన్నా మెరుగ్గా రాణించారు. ఏకాగ్రత శక్తినిస్తుందనే భావన ఇక్కడ బలంగా ఉండటమే కారణమని వారి విశ్లేషణ. సాధన, తపస్సు అనే మాటలు పెరిగిన నేలలో ఇది వింత కాదు. అయినా ఒకే అధ్యయనాన్ని పట్టుకుని భారతీయ విద్యార్థులకు విశ్రాంతి అక్కర్లేదని వాదిస్తే ప్రమాదం. అందులో పరీక్షించింది నిమిషాల పనిని. ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా సాగే హాస్టల్ దినచర్యను కాదు.

పోరాటం తక్కువ, అమరిక ఎక్కువ

2012లో ప్రచురించిన ఒక జర్మన్ అధ్యయనం ఈ చర్చను కొత్త దారి పట్టించింది. విల్హెల్మ్ హాఫ్‌మన్, సహ పరిశోధకులు 205 మందికి చిన్న పరికరాలు ఇచ్చి, రోజులో పలుమార్లు ‘ఇప్పుడు ఏదైనా కోరిక కలిగిందా, దాన్ని అణచుకుంటున్నారా’ అని అడిగారు. నిగ్రహం బాగా ఉన్నవారు కోరికలతో ఎక్కువగా పోరాడుతూ ఉంటారని ఎవరైనా ఊహిస్తారు. తేలింది వేరు. తమ లక్ష్యానికి అడ్డుపడే కోరికలు వారికి తక్కువగా ఎదురయ్యాయి, పోరాటమూ తక్కువే. అలాంటి కోరికలు పుట్టే పరిస్థితుల నుంచి వారు ముందే తప్పుకుంటూ ఉంటారని దీన్ని బట్టి అర్థం చేసుకున్నారు.

ఈ సూత్రం పెద్ద ఎత్తున పనిచేయడం తెలుగు నేల చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన మహిళలు సారాకు వ్యతిరేకంగా లేచారు. తాగుడు మానమని మొగుళ్లకు చెప్పడం అప్పటికే ఏళ్ల తరబడి జరిగింది. బతిమాలారు, ఏడ్చారు, దెబ్బలు తిన్నారు. వారి ఉద్యమం భర్తల సంకల్పబలం మీద ఆశ పెట్టుకోలేదు. సారా ఊళ్లోకి రాకుండా అడ్డుపడింది, వేలంపాటలను ఆపింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. మిషెల్ ప్రయోగంలో మిఠాయిని కళ్ల ముందు నుంచి తీసేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే తీసేసింది ప్రయోగశాల కాదు, కూలి చేసుకునే ఆడవాళ్లు.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని రెండేళ్లకే సడలించాల్సి వచ్చింది. దొంగచాటు సరఫరా, ప్రభుత్వ రాబడికి గండి అప్పట్లో వినిపించిన ప్రధాన కారణాలు. ఊరు తనకు తానుగా కట్టుకున్న కట్టుబాటు వేరు, పై నుంచి దిగిన నిషేధం వేరు.

అదే నెల్లూరులో ఉద్యమం తర్వాత ‘పొదుపు లక్ష్మి’ మొదలైంది. రోజుకు ఒక్క రూపాయి దాచాలి. ఆ మొత్తాన్ని ఎవరికి వారు ఇంట్లో డబ్బాలో వేసుకోమని చెప్పి ఉంటే ఎన్ని డబ్బాలు నిండేవో చెప్పలేం. సంఘం, నిర్ణీత తేదీన సమావేశం, అందరి ముందూ రాసే పుస్తకం, ఒకరు కట్టకపోతే మిగతావారి అప్పు ఆగిపోయే ఏర్పాటు కలిసి ఆ రూపాయిని నిలబెట్టాయి. తర్వాత తెలుగు రాష్ట్రాల్లో లక్షల సంఘాలుగా విస్తరించిన ఈ పద్ధతిలో వ్యక్తిగత నాయకత్వం కూడా పెరిగింది. అంతకుముందు బ్యాంకు గడప తొక్కని మహిళలు సంఘం లీడర్లుగా తీర్మానాలు రాయించారు, మేనేజర్లతో మాట్లాడారు. తనను తాను నడిపించుకోవడం అనే నైపుణ్యం ఇక్కడ ప్రసంగాల వల్ల రాలేదు. ప్రతి నెలా తప్పనిసరిగా చేయాల్సిన చిన్న పని నుంచి వచ్చింది.

ఇరవై ఒక్క రోజుల లెక్క

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అనే మాటకు ప్రయోగ ఆధారం లేదు. ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశారు. కాలక్రమంలో ‘కనీసం’ జారిపోయి 21 మిగిలింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించినప్పుడు, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థాయికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. భోజనంతో పాటు నీళ్లు తాగడం లాంటివి త్వరగా, వ్యాయామం ఆలస్యంగా కుదిరాయి. మధ్యలో ఒక రోజు తప్పితే నష్టమేమీ జరగలేదు. మూడో వారంలో ఇంకా కష్టంగా ఉందంటే మనిషిలో లోపం ఉన్నట్లు కాదు, ఇంకా దారిలో ఉన్నట్లు.

ఇందుకు తోడ్పడే ఒక తేలిక పద్ధతిని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ విస్తృతంగా పరీక్షించారు. ‘బాగా చదవాలి’ అనుకోవడం లక్ష్యం. ‘రాత్రి భోజనం ముగించి కంచం కడగగానే, వరండాలోని బల్ల దగ్గర లెక్కల పుస్తకం తెరుస్తాను’ అనుకోవడం ప్రణాళిక. రెండో దానిలో పనికి ఒక ఆనవాలు ముడిపడి ఉంది. ఆ ఆనవాలు ఎదురుపడగానే మళ్లీ ఆలోచించి నిర్ణయించుకోవాల్సిన పని ఉండదు. 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు ఈ పద్ధతి ప్రభావం మధ్యస్థం నుంచి బలమైన స్థాయిలో తేలింది. మనస్తత్వ శాస్త్రంలో ఇంత నిలకడగా కనిపించే ఫలితాలు ఎక్కువేమీ లేవు.

వాయిదా వెనుక ఉన్న భయం

అమరిక అంతా కుదిరినా పుస్తకం తెరవలేని రోజులుంటాయి. ఇక్కడే క్రమశిక్షణ, భావోద్వేగాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. 2013లో ఫ్యూషియా సిరోయిస్, తిమొతీ పిచిల్ చేసిన వాదన ప్రకారం వాయిదా వేయడం ప్రధానంగా వేళల నిర్వహణకు సంబంధించిన సమస్య కాదు. ఆ పని తలచుకోగానే కలిగే భయం, అవమానం, విసుగు నుంచి తక్షణం తప్పించుకునే మార్గం. ఫోను చేతిలోకి తీసుకోగానే గుండె మీద బరువు దిగుతుంది. ఆ ఉపశమనమే బహుమతి కాబట్టి మరుసటి రోజు అదే జరుగుతుంది. పోగుపడిన పని భయాన్ని పెంచుతుంది, భయం వాయిదాను పెంచుతుంది.

ఈ చక్రంలో తిట్లు ఎటు పనిచేస్తాయో ఊహించడం కష్టం కాదు. 2010లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. తమను తాము నిందించుకోవడం బాధ్యతకు గుర్తు అనిపించవచ్చు. ఆచరణలో అది ఆ సబ్జెక్టునే చేదుగా మారుస్తుంది. ఆహార నియమాలు పాటించేవారి మీద జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ చేసిన అధ్యయనాల్లోనూ ఇలాంటిదే తేలింది. నియమం ఒకసారి తప్పగానే ‘ఎలాగూ చెడింది కదా’ అనుకుని మరింత తినేశారు. నష్టం చేసింది ఒక్క తప్పు కాదు, ఆ తప్పుకు ఇచ్చుకున్న అర్థం.

ధైర్యమంటే బాధను దిగమింగుకోవడమనే భావన కూడా ఇలాంటిదే. మగపిల్లలకు మన ఇళ్లలో అది ఉగ్గుపాలతో అందుతుంది. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ జుగుప్స కలిగించే దృశ్యాలు చూపిస్తూ కొందరిని ముఖంలో ఏదీ కనిపించనివ్వవద్దన్నారు. వారి ముఖం నిశ్చలంగానే ఉంది. లోపలి జుగుప్స మాత్రం తగ్గలేదు, శరీరంలో కొన్ని ఒత్తిడి సూచికలు పెరిగాయి. పరిస్థితిని వేరే కోణం నుంచి చూడటం దీనికన్నా మెరుగ్గా పనిచేస్తుందని గ్రాస్ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. పరీక్ష హాలు ముందు గుండె దడదడలాడితే ‘భయపడకు’ అనడం మొదటి రకం. ‘శరీరం సిద్ధమవుతోంది, పందెం ముందు పరుగెత్తేవాడికీ ఇలాగే ఉంటుంది’ అని చెప్పడం రెండో రకం.

కవాయ్ ద్వీపం, పాకాల గ్రామం

కష్టాల్లో పెరిగినవారిలో కొందరు ఎలా నిలదొక్కుకుంటారన్న దానికి అతి దీర్ఘకాలం సాగిన అధ్యయనాల్లో ఒకటి హవాయిలోని కవాయ్ ద్వీపానిది. 1955లో అక్కడ పుట్టిన 698 మందిని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ నలభై ఏళ్ల వయసు దాకా గమనించారు. వారిలో దాదాపు మూడో వంతు మంది పేదరికం, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక అనారోగ్యం, ఇంట్లో గొడవల వంటి పలు కష్టాల మధ్య పెరిగారు. ఇలా కష్టాల్లో పెరిగినవారిలోనూ మూడో వంతు మంది సమర్థులుగా, ఇతరుల పట్ల శ్రద్ధ గలవారిగా ఎదిగారు. వారిలో తరచూ కనిపించిన అంశం చిన్నతనంలో కనీసం ఒక పెద్దతో స్థిరమైన అనుబంధం. ఆ పెద్ద అమ్మే కానక్కర్లేదు. అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు.

అంతగా ప్రచారం కాని రెండో ఫలితం మరింత విలువైనది. పద్దెనిమిదేళ్లకు దారి తప్పినట్లు కనిపించిన వారిలో చాలామంది ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి కోలుకున్నారు. మళ్లీ చదువుకునే అవకాశం, సైన్యంలో ఉద్యోగం, మంచి జీవిత భాగస్వామి, ఒక మత సమాజం అండ వారికి రెండో తలుపు తెరిచాయి. పదిహేడేళ్ల పిల్ల మీద ‘ఇంతే’ అని ముద్ర వేయడానికి ఈ సమాచారం ఏ మాత్రం ఆస్కారం ఇవ్వదు.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఈ కథను తరచూ ‘ఉక్కు సంకల్పం’ కింద చెబుతారు. ఆమె ధైర్యం నిస్సందేహంగా అసాధారణం. అయితే ఆ ధైర్యం అడుగు పెట్టడానికి మెట్లు ఉన్నాయి. మొదట భువనగిరి కొండ, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆపై లడఖ్ చలి. ప్రతి మెట్టూ అంతకుముందు దాని కన్నా కష్టమైనదే, కానీ అందనంత ఎత్తులో లేదు. పక్కన శిక్షకుడు ఉన్నాడు, తోటి పిల్లలు ఉన్నారు, పంపుతామన్న మాట నిలబెట్టుకున్న సంస్థ ఉంది. రోచెస్టర్ గదిలో పిల్లలు 12 నిమిషాలు ఆగడానికి కారణమైనదే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

కోచింగ్ గదుల్లో ఏం మారాలి

ఇంటర్, నీట్, జేఈఈ శిక్షణ చుట్టూ రెండు రాష్ట్రాల్లో పెరిగిన వ్యవస్థ క్రమశిక్షణ పేరుతో అందించేది చాలావరకు బయటి నుంచి అమర్చిన కట్టడి. ఫోను ఉండదు, గంటగంటకూ బెల్లు మోగుతుంది. పరధ్యానాన్ని దూరం పెట్టడం వరకు ఇది పైన చెప్పుకున్న సూత్రానికి దగ్గరగానే ఉంది. తేడా రెండు చోట్ల వస్తుంది. ఆ అమరికలో విద్యార్థి నిర్ణయం ఏదీ ఉండదు కాబట్టి, హాస్టల్ గేటు దాటి డిగ్రీకి వెళ్లిన రోజున తన వేళలను తాను నడుపుకోవడం కొత్తగా మొదలవుతుంది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, ర్యాంకులు గోడకెక్కించడం మరింత లోతుగా తగులుతాయి. వాయిదాకు మూలమైన భయాన్ని, అవమానాన్ని అవి వారం వారం తిరిగి నింపుతాయి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశవ్యాప్తంగా వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వాటిని పాటించాలి. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. చదువులో ప్రతిభను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. కవాయ్ అధ్యయనం చెప్పిన ‘కనీసం ఒక పెద్ద’ హాస్టల్‌లో ఎవరన్న ప్రశ్నకు కౌన్సెలర్ ఒక జవాబు. నియామకం కాగితం మీదే ఉండి, ఆ ఉద్యోగి అడ్మిషన్ల పనిలో మునిగితే ఆ జవాబు చెల్లదు. బ్యాచ్‌ల విభజన అక్కడి వ్యాపార పద్ధతికే మూలం కాబట్టి, పేరు మార్చుకుని కొనసాగే అవకాశం కూడా ఉంది. తల్లిదండ్రులు చేరికకు ముందే అడగదగినవి ఈ రెండు విషయాలు: కౌన్సెలర్‌ను కలవాలంటే విద్యార్థి ఎవరి అనుమతి తీసుకోవాలి, పరీక్షలో మార్కులు తగ్గిన మర్నాడు తరగతిలో ఏం జరుగుతుంది?

మానసికంగా కుంగిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుబాటులో ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.